చవితి పత్రి: కట్ట కొనకుండా, కొమ్మ విరవకుండా సమకూర్చుకోవడం ఎలా?

వినాయక చవితి ముందురోజు సాయంత్రం ఏ రైతుబజారుకి వెళ్లినా పత్రి కట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. ఒక మామిడి కొమ్మ, ఒక జిల్లేడు మండ, వేళ్లతో సహా పీకిన ఏదో గడ్డి, పేరు అడిగితే అమ్మేవాళ్లకీ తెలియని నాలుగైదు రకాల ఆకులు. బేరమాడి కొంటాం. పొద్దున వ్రతకల్పం చదువుతూ "మాచీపత్రం పూజయామి" అన్నప్పుడు చేతికి ఏది అందితే అది వేస్తాం. మూడో రోజుకి అదంతా కాలవలో తేలుతుంటుంది.

ఆ కట్టలోని ఆకులు ఎవరి తోటలోనూ పండినవి కావు. రోడ్డు పక్క చెట్ల నుంచి, ఊరి చివర పోరంబోకు నుంచి, అడవి అంచు నుంచి తెచ్చినవి. అమ్ముకునేవాళ్లని తప్పు పట్టడానికి లేదు, కొనేది మనం. కానీ మారేడు, జమ్మి లాంటివి నిదానంగా పెరుగుతాయి. ఒక్క రోజు గిరాకీ కోసం వాటి కొమ్మలు నరికితే మళ్లీ కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వ్రతకల్పంలో చెప్పిన ఇరవై ఒక్క రకాల ఆకులూ ఉండి తీరాలని పట్టుబట్టి, పేరు తెలియని ఆకులు వేయడం కంటే, పేరు తెలిసిన తొమ్మిది ఆకులు వేసి మిగతావాటికి అక్షతలు వేయడం మేలు. పూజా విధానంలోనే ఆ వెసులుబాటు ఉంది. ఇక్కడ చెప్పే పనులు చవితికి నెల ముందు, అంటే శ్రావణంలో మొదలుపెడితే సరిపోతుంది. మొక్కలు పెంచడం మాత్రం వచ్చే ఏటికి పనికొస్తుంది.

జాబితా రాసుకోండి

వ్రతకల్పంలో పేర్లు సంస్కృతంలో ఉంటాయి. ప్రతి పేరు పక్కన మీ ఊళ్లో పిలిచే పేరు రాసుకోండి. మాచీ అంటే మాచిపత్రి. బృహతీ అంటే వాకుడు, కొన్నిచోట్ల ములక అంటారు. బిల్వం మారేడు, దూర్వా గరిక, దత్తూరం ఉమ్మెత్త, బదరీ రేగు, అపామార్గం ఉత్తరేణి, చూతం మామిడి, కరవీరం గన్నేరు, దాడిమీ దానిమ్మ, మరువకం మరువం, సింధువారం వావిలి, జాజీ జాజి, శమీ జమ్మి, అశ్వత్థం రావి, అర్జునం మద్ది, అర్కం జిల్లేడు. తులసి, విష్ణుక్రాంత మనకి తెలిసిన పేర్లే. మొత్తం పంతొమ్మిది.

మిగిలిన రెండూ తిరకాసువి. దేవదారు హిమాలయాల చెట్టు, మన ఎండలకి బతకదు. ఆ పేరుతో బజారులో ఇచ్చేది చాలాసార్లు నరమామిడి ఆకు. గండకి ఏ మొక్క అన్నదానిపై పుస్తకానికొక మాట ఉంది. కొందరు దేవకాంచనం అంటారు, కొందరు ఒప్పుకోరు. ఈ రెండింటి కోసం టెన్షన్ పడకండి. అక్షతలు వేయండి.

ఇప్పుడు ఆ పంతొమ్మిదిని ఎక్కడ దొరుకుతాయో దాన్నిబట్టి విడదీయండి. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంత వానలు పడగానే ఖాళీ స్థలాల్లో కనిపిస్తాయి. తులసి, మరువం, మాచిపత్రి, జాజి, దానిమ్మ కుండీల్లో పెరుగుతాయి. వావిలి, గన్నేరు కంచెలో ఉంటాయి. మామిడి, రేగు, మారేడు, జమ్మి, రావి, మద్ది చెట్లు. అవి గుడిలోనో, బడిలోనో, తెలిసినవాళ్ల పొలంలోనో ఉంటాయి.

ఆకుని గుర్తుపట్టడం

అసలు కష్టమంతా ఇక్కడే, అసలు సరదా కూడా. ఒక ఆదివారం పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని మీ వీధి చివర ఖాళీ స్థలానికి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. ఉత్తరేణిని ఫోన్‌లో వెతకడం కంటే "అమ్మమ్మా, ఇదేనా?" అని అడగడం తేలిక. పొలం పనులు తెలిసినవాళ్లకి ఈ మొక్కలన్నీ కలుపుగానో, మందుగానో పరిచయమే. బాలింతల స్నానానికి వావిలాకు నీళ్లు కాచిన చేతులకి ఆ ఆకు వాసన చాలు, పేరు చెప్పేస్తారు.

కొన్ని గుర్తులు. ఉత్తరేణికి పొడవాటి కంకి ఉంటుంది, దాని గింజలు పంచెకి, చీరకి అంటుకుంటాయి. విష్ణుక్రాంత నేలకి అతుక్కుని పాకుతుంది, గులక నేలల్లో పెరుగుతుంది. చిన్న నీలం పువ్వు లేకపోతే పక్కనుంచి నడిచి వెళ్లినా కంటపడదు. మారేడుకి ఒక్క కాడకి మూడు ఆకులు, కొమ్మకి గట్టి ముళ్లు. వావిలి ఆకు ఐదు వేళ్లుగా చీలి ఉంటుంది, కొన్నిసార్లు మూడే ఉంటాయి.

మాచిపత్రి దగ్గర జాగ్రత్త. వయ్యారిభామ ఆకు చూడ్డానికి దాన్ని పోలి ఉంటుంది, పైగా ప్రతి ఖాళీ స్థలంలో విరివిగా పెరుగుతుంది. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దురదలు, దద్దుర్లు వస్తాయి. మాచిపత్రి ఆకు తిప్పి చూడండి, అడుగు తెల్లగా నూగుతో ఉంటుంది. నలిపితే మంచి వాసన వస్తుంది. ఈ రెండూ లేకపోతే కోయకండి.

విషం ఉన్నవి మూడు: ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఉమ్మెత్త గింజలు, గన్నేరులో ఏ భాగమైనా కడుపులోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పిల్లలకి ఈ మూడింటినీ చూపించండి, పేర్లు చెప్పండి, కోసే పని మాత్రం మీరే చేయండి. కోశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

కుండీలో, కంచెలో, ఊరి స్థలంలో పెంచడం

అపార్ట్‌మెంట్ బాల్కనీలోనైనా ఆరు రకాలు పెంచవచ్చు: తులసి, మరువం, మాచిపత్రి, గరిక, జాజి, దానిమ్మ.

మరువానికి, మాచిపత్రికి నర్సరీకి వెళ్లక్కర్లేదు. పూల దుకాణంలో ఆ రోజు వచ్చిన తాజా కాడలు నాలుగు అడిగి తీసుకోండి. జానెడు పొడవు ఉంచి, కింది సగానికి ఆకులు తీసేసి, తడి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. నీడలో ఉంచి, మట్టి ఎండకుండా చూసుకుంటే రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. అన్నీ బతకవు, అందుకే నాలుగు. మాచిపత్రికి వేరే కుండీ ఇవ్వండి. అది భూమి లోపల వేళ్లతో పాకుతూ పక్క మొక్కల జాగా ఆక్రమించేస్తుంది.

గరికకి లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. పాత ప్లాస్టిక్ టబ్బుకి అడుగున చిల్లులు పెట్టి, కణుపులున్న గరిక తీగలు నాలుగు పరిచి మట్టి కప్పండి. ఎండ బాగా తగలాలి. సంకష్ట చతుర్థికి కూడా పనికొస్తుంది కాబట్టి ఈ టబ్బు ఏడాదంతా ఖాళీగా ఉండదు. దానిమ్మ పెన్సిల్ మందం కొమ్మ నాటినా వస్తుంది. బాల్కనీలో కాయలు కాయకపోయినా మనకి కావలసింది ఆకే.

ఇంటి చుట్టూ స్థలం ఉంటే వానాకాలంలో వావిలి కర్రలు కంచె వెంట గుచ్చండి, వాటంతట అవే చిగురిస్తాయి. పశువులు తిరిగే చోట, చిన్నపిల్లలున్న ఇంట గన్నేరు వద్దు. ఉమ్మెత్త, జిల్లేడు ఎలాగూ బయట ఉన్నాయి, ఇంట్లో పెంచాల్సిన పని లేదు. పెరటి మూల ఒక్క ఉత్తరేణిని కలుపు తీయకుండా వదిలేస్తే చాలు.

ఇక పెద్ద చెట్లు. రావిని ఇంటి గోడ పక్కన నాటకండి, వేళ్లు పునాదిని పగలగొడతాయి. అసలు రావి కొనడం కూడా దండగ. పాత గోడ పగుళ్లలో, డాబా పిట్టగోడ మీద పిట్టలు వేసిన గింజలు మొలిచి ఉంటాయి. వానాకాలంలో వాటిలో ఒకదాన్ని వేళ్లు తెగకుండా జాగ్రత్తగా తీసి సంచిలో పెట్టండి. గోడ బతుకుతుంది, చెట్టూ బతుకుతుంది. మద్ది వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, దానికి చెరువు గట్టు దిగువన తేమ ఉన్న జాగా చూడండి. మారేడుకి వేసవిలో పండిన కాయ పగలగొట్టి, గుజ్జులోని గింజలు కడిగి వెంటనే నాటాలి. దాచిపెడితే మొలకెత్తే శక్తి తగ్గుతుంది.

వీటికి గుడి ఆవరణ మంచి చోటు. ధర్మకర్తనో, పూజారినో అడిగేటప్పుడు "మొక్కలు నాటుతాం" అని అడిగితే తల ఊపి మరిచిపోతారు. "స్వామికి ఏటా పత్రి బయటి నుంచి కొనక్కర్లేకుండా మారేడు, జమ్మి, వావిలి ఈ మూలన పెడతాం, నీళ్ల బాధ్యత మాది" అని చెప్పి చూడండి. అక్కడికక్కడే జాగా చూపిస్తారు.

కోయడం

ఒక్కో పేరుకి ఒక ఆకు, లేదా రెండు. మొత్తం కలిపి ఒక పళ్లెంలో పట్టేంత. మంత్రం ఆకుని అడుగుతుంది, మండని అడగదు. కొమ్మలకి కొమ్మలు పేర్చడం అలంకారం కోసం మనం మరిగిన అలవాటు.

సూర్యాస్తమయం తర్వాత చెట్టు ముట్టుకోవద్దని, అది నిద్రపోతుందని ఇంట్లో పెద్దలు అనేవారు. నిద్ర సంగతి ఎలా ఉన్నా చీకట్లో కోస్తే ముల్లు గుచ్చుకుంటుంది, పాము కనపడదు, ఆకుకి బదులు కొమ్మ విరుగుతుంది. ముందురోజు సాయంత్రం వెలుతురు ఉండగానే కోయండి, లేదా చవితి పొద్దున్నే. కత్తెర వాడండి. లాగితే బెరడు ఊడుతుంది, అక్కడినుంచే చెట్టుకి తెగులు పడుతుంది. మారేడు మూడాకులూ చినగకుండా కాడతో సహా తీసుకోండి. జమ్మి చిన్న రెబ్బ ఒకటి చాలు. విష్ణుక్రాంతని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేళ్లతో పీకకండి. పువ్వున్న కొస ఒకటి తుంచుకుంటే మిగిలిన తీగ మళ్లీ పూసి గింజ రాలుస్తుంది, వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. తడి గుడ్డలో చుట్టి ఉంచితే ఆకులన్నీ మర్నాటి దాకా వాడవు.

ఒక ఇంటివాళ్లు పంతొమ్మిది రకాల కోసం ఊరంతా తిరగడం వృథా. మీ అంతస్తులోనో, మీ వీధిలోనో పది కుటుంబాలుంటే ఒక్కొక్కరు రెండు రకాలు తెచ్చే బాధ్యత పంచుకోండి. ముందురోజు సాయంత్రం అందరూ మెట్ల దగ్గర కలిసి మార్చుకోవడమే. వాట్సాప్ గ్రూప్ ఇలాంటి పనికి వాడితేనే దానికి సార్థకత.

బొమ్మ

మట్టి బొమ్మ గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కాబట్టి క్లుప్తంగా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని చెబుతున్నాయి. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో వాటి నిమజ్జనం వద్దంది. అయినా బజారులో ఇప్పటికీ కనిపిస్తాయి. కొనేముందు బొమ్మని తిరగేసి, రంగు లేని అడుగు భాగాన వేలితో నీళ్లు రాయండి. మట్టి అయితే రంగు ముదిరి జిగటగా వేలికి అంటుతుంది, ప్లాస్టర్ తెల్లగా గట్టిగానే ఉంటుంది.

చేసుకోవాలనుకుంటే కుమ్మరి దగ్గర ముద్ద అడగండి, పిసికి రాళ్లు తీసిన మట్టి ఇస్తారు. జానెడుకి మించొద్దు, నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. రంగులకి పసుపు, కుంకుమ చాలు. లోపల గింజలు పెట్టిన బొమ్మలు కూడా అమ్ముతున్నారు. మొలిచాక ఆ మొక్కకి చోటు ఎక్కడో తెలిస్తేనే కొనండి.

పూజ రోజు

జాబితా కాగితం పుస్తకం పక్కన పెట్టుకోండి. ఉన్న ఆకుల్ని అదే వరుసలో పేర్చి, లేనివాటి ఎదురుగా చిన్న గీత పెట్టండి. ఆ పేరు వచ్చినప్పుడు "అభావే అక్షతాన్ సమర్పయామి" అని నాలుగు అక్షతలు వేయాలి. పంతులుగారు వస్తున్నట్టయితే ముందే చెప్పండి: "పంతులుగారూ, మాకు పన్నెండు రకాలే దొరికాయి, మిగతావాటికి అక్షతలు వేస్తాం." సాధారణంగా అభ్యంతరం పెట్టరు. మామూలు రోజుల్లో గణపతికి వేయని తులసి కూడా ఈ పత్రి పూజలో ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టకండి.

ఇంట్లో అత్తగారో, నాన్నగారో "కట్ట కొనకపోతే పండగలా ఉండదు" అనవచ్చు. వాదించకండి. ఆకులు కోసుకొచ్చే పని వాళ్ల చేతికే ఇవ్వండి. ప్రతి ఆకు పేరు పిల్లలకి చెప్పమనండి. కట్ట మాట మళ్లీ ఎత్తరు.

పూజ తర్వాత

చాలామంది తెలియక చేసే పని ఒకటుంది: పత్రినంతా ఆవుకి పెట్టడం. అందులో గన్నేరు ఉంటే ఆవు చచ్చిపోతుంది. ఉమ్మెత్త, జిల్లేడు కూడా పశువులకి చెరుపే. ఉద్వాసన చెప్పగానే ఆ మూడు రకాలూ ఏరి, పశువులు, కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి.

పత్రి కలిస్తే చెరువు నీళ్లు శుద్ధి అవుతాయని, అందుకే పెద్దలు పెట్టారని ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. దయచేసి దాన్ని ఫార్వర్డ్ చేయకండి. ఆకులు నీళ్లలో కుళ్లుతాయి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. నిమజ్జనం తర్వాత కొన్ని చెరువుల్లో చేపలు తేలడానికి ఇదీ ఒక కారణం. ఊరంతటికీ నాలుగు బుట్టల పత్రి పడిన రోజుల్లో చెరువు తట్టుకుంది. లారీల కొద్దీ పడితే తట్టుకోలేదు.

మిగతా ఆకుల్ని ఇలా చేయండి. దండల దారాలు, ప్లాస్టిక్ పూలు, చమ్కీలు తీసేయండి. ఆకుల్ని చిన్న ముక్కలుగా తుంచి, మూతకి, అడుగుకి చిల్లులున్న డ్రమ్ములోనో, పెరట్లో గుంతలోనో వేయండి. పచ్చి ఆకు ఒక వంతైతే ఎండుటాకులు రెండు వంతులు. పైన గుప్పెడు పాత పెంట గానీ, తోట మట్టి గానీ చల్లి, తడి పొడిగా ఉంచి, వారానికోసారి తిరగేయండి. సంక్రాంతి నాటికి మట్టి వాసన వచ్చే ఎరువవుతుంది. పూజ చేసిన ఆకుల్ని తొక్కే చోట వేయకూడదన్న పట్టింపు ఉన్నవాళ్లకి ఇదే సరైన దారి. కాలవలో వేసిన పత్రి చివరికి ఎవరో ఒకరి కాలి కిందికే చేరుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా వాడిన పూలతో 2021లో అగరబత్తీల తయారీ మొదలుపెట్టింది. అంత పెద్ద గుడికి లేని అభ్యంతరం మన ఇంటికి ఎందుకు?

బొమ్మని బకెట్ నీళ్లలో నిమజ్జనం చేయండి. రాత్రికి కరిగిపోతుంది. పైన తేరిన నీళ్లు మొక్కలకి పోసి, అడుగు మట్టిని ఆరబెట్టి డబ్బాలో దాచండి. వచ్చే చవితికి అదే మట్టి నానబెట్టుకోవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

ఇండియా నుంచి లగేజీలో ఆకులు, గింజలు తీసుకెళ్లకండి. అనుమతి లేని మొక్కల్ని ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు, అది సబబే. మీ లాన్‌లో బెర్ముడా గడ్డి ఉంటే అది గరికే. మాచిపత్రి కూడా తూర్పు రాష్ట్రాల్లో మగ్‌వర్ట్ పేరుతో రోడ్ల పక్కన కలుపుగా పెరుగుతోంది, ఎంత కోసినా ఎవరూ ఏమీ అనరు. రెండింటినీ మందు కొట్టని చోటే కోయండి.

చవితి అయ్యాక జమ్మి

దసరాకి ఇంకా నెల ఉంటుంది. ఆ రోజు జమ్మికి పూజ చేసి, ఆకుని బంగారం అని పెద్దల చేతిలో పెడతాం. పూజ అయ్యేసరికి ఆ చెట్టు బోడిగా మిగులుతుంది. తెలంగాణకి అది రాష్ట్ర వృక్షం కూడా. రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేది ఈ జమ్మినే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే అక్కడి బిష్ణోయీ సంప్రదాయం వాళ్లు చెట్లని కౌగిలించుకుని అడ్డుపడ్డారు. అమృతాదేవి అనే మహిళతో మొదలై 363 మంది చనిపోయారని వాళ్లు చెప్పుకుంటారు. పచ్చని చెట్టు కొట్టకూడదన్నది వాళ్ల గురువు జాంభోజీ పెట్టిన 29 నియమాల్లో ఒకటి. మనం దేవుడి పేరు చెప్పి కొమ్మ విరుస్తాం, వాళ్లు దేవుడి పేరు చెప్పి చెట్టుకి అడ్డం నిలబడ్డారు.

కాబట్టి దసరాకి ముందే ఊరి పెద్దలతో మాట్లాడండి. ఇద్దరు కుర్రాళ్లని చెట్టు దగ్గర నిలబెట్టి, ఇంటికి ఒక రెబ్బ చొప్పున వాళ్లే కోసి ఇచ్చేలా ఏర్పాటు చేయండి. తోపులాటా తగ్గుతుంది. వేసవి చివర ఎండిన జమ్మి కాయలు ఏరి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొడవాటి సంచుల్లో వేయండి. తల్లివేరు నేరుగా లోతుకి దిగుతుంది కాబట్టి పొట్టి సంచిలో చుట్టుకుపోతుంది. తొలకరి పడ్డాక నాటవచ్చు. ఒకసారి వేరు దిగిందంటే కరువుకి కూడా తట్టుకుంటుంది. మొదటి రెండు వేసవుల్లోనే దానికి మనిషి కావాలి. నీళ్లు ఎవరు పోస్తారో పేరు రాసుకున్నాకే గుంత తవ్వండి.